ప్రభుదాసు గారి చీటీలో లేని గడి

ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. మొన్న శనివారం పొద్దున మా షాపులో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి బటన్ నొక్కగానే నా కంప్యూటరు అలా కూసింది. లోపల ఫ్యాన్లు తిరిగాయి, కీబోర్డు మీద లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఈ కాలపు కంప్యూటర్లు చాలావరకు కూయవు. ఏం జబ్బు చేసినా నోరు మూసుకుని పడి ఉంటాయి. నాది కూస్తుంది. ఎందుకంటే రెండు సన్నటి తీగలున్న, శనగగింజంత స్పీకరు ఒకటి నా దగ్గర ఉంది. కంప్యూటరు మార్చినప్పుడల్లా పాతదాంట్లోంచి దాన్ని విప్పి కొత్తదానికి తగిలించుకుంటాను. ఆ కూతకు అర్థం నాకు తెలుసు. బొమ్మ చూపించాల్సిన భాగం తనకు అందడం లేదని మెషీను చెబుతోంది.

పని చెడితే నా చెయ్యి ముందు ఫోను మీదికే పోతుంది. అది నా స్వభావం, దాచుకోను. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, ఇదివరకు వాళ్లు నాతో ఎప్పుడు ఎలా మాట్లాడారు, అన్నీ నాలుక చివరే ఉంటాయి. కార్డు అమ్మిన గుంటూరు షాపుకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తకపోవడం కూడా మనసులో రాసుకుని, మళ్లీ బటన్ నొక్కాను. మళ్లీ అదే కూత. దాని వెనకాలే, పన్నెండేళ్ల కిందట విన్న గొంతు ఒకటి గుర్తొచ్చింది. "నిన్న పనిచేసిందా? ఇవ్వాళ చెయ్యట్లేదా? మధ్యలో ఏం మారింది?"

ప్రభుదాసు గారిని మీరు ఎరగరు. చిలకలూరిపేటలో కూడా ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే. పత్తి మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఆ మిల్లు మూతపడ్డాక, మిల్లు రోడ్డులోనే ఒక గదిలో కంప్యూటర్లు బాగుచేసేవారు. గదికి బోర్డు లేదు. తలుపు మీద సుద్దతో 'ఆదివారం లేదు' అని మాత్రం ఉండేది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మిల్లువాళ్లిచ్చిన ఖాకీ చొక్కాలు చిరిగేదాకా వాటినే తొడిగారు. పత్తి లారీలు పోయినప్పుడల్లా దూది రేగి ఆయన కిటికీ దోమతెరకు అంటుకునేది. మాఘం దాటితే పక్క యార్డులోంచి మిరప ఘాటు వచ్చేది. ఆయన తుమ్మి, "స్తోత్రం" అని, మళ్లీ పనిలో పడేవారు.

అప్పుడు నేను పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో ఎడిటింగ్ చేసేదాన్ని. ఓనరు కోటేశ్వరరావు గారు. కెమెరా పట్టేది అంజయ్య. ఆ అంజయ్య ఒకసారి పెళ్లివారు పదిమంది కూర్చుని ఉండగా నాతో, "అమ్మాయ్, ఎడిటింగంటే ముగ్గేసినట్టు కాదు, బుర్ర పెట్టాల" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు అతను వేసుకున్న చొక్కా నీలం రంగు గళ్లది. పై గుండీ లేదు. ఇలాంటివి నాకు చెరిగిపోవు.

బొమ్మలు ఆగి ఆగి కదులుతున్నాయని నేను ఆరు నెలలు పోరగా పోరగా కోటేశ్వరరావు గారు కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించారు. నేనే బిగిస్తానన్నాను. పాతది నేనే తీసి దులిపి పెట్టిన అలవాటుంది. శుక్రవారం పొద్దున అందరికంటే ముందు వెళ్లి పని మొదలుపెట్టాను. బిగించాక, అంజయ్య ఆ కంప్యూటరు డబ్బాను ఎత్తుకుని ముందు గదిలోంచి లోపలి బల్ల దగ్గరికి తెస్తూ గుమ్మానికి తగిలించాడు. ఠప్పుమని శబ్దం వచ్చింది. నేను చూశాను. బటన్ నొక్కితే తెర వెలగలేదు.

"గుమ్మానికి కొట్టాడండి. నేను కళ్లారా చూశాను" అన్నాను కోటేశ్వరరావు గారితో. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

అంజయ్య, "అంత దెబ్బేం తగల్లేదండీ, అంచు గీసుకుంది" అన్నాడు. కోటేశ్వరరావు గారు వినలేదు. ఆదివారం సాయంత్రానికి ఇవ్వాల్సిన పెళ్లి వీడియో అందులోనే ఉంది. "ఎదురుగ్గా గుమ్మం కనపడనోడివి కెమెరాలో ఏం చూస్తావయ్యా? ఇది తేలేదాకా నువ్వు రాబాకు" అన్నారు. అంజయ్య నా వంక చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు నాకు బాధ కలిగిందని రాస్తే అది అబద్ధం అవుతుంది. ముగ్గు మాటకు బదులు తీరిందనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బాను ఆటోలో పెట్టుకుని, పాత కార్డును సంచిలో వేసుకుని ప్రభుదాసు గారి గదికి వెళ్లాను. ఆయన్ని చూడటం అదే మొదలు. డబ్బా మీద చెయ్యి వెయ్యకుండా స్టూలు చూపించారు.

"కూర్చోమ్మా. చెప్పు."

"కార్డు పాడైందండి. మా కెమెరా ఆయన గుమ్మానికి కొట్టాడు. ఆయన పద్ధతే అంత. ఇదివరకు లైటు స్టాండు కూడా..."

"నిన్న పనిచేసిందా?"

"మొన్న చేసింది."

"ఇప్పుడు చెయ్యట్లా. మధ్యలో ఏం మారింది?"

"చెప్పాను గదండీ, అంజయ్య..."

"అంజయ్య మారాడా?"

నాకు ఒళ్లు మండింది. కొత్త కార్డు పెట్టామని, డబ్బా చోటు మారిందని, గుమ్మానికి తగిలిందని విడివిడిగా చెప్పేదాకా ఆయన వదల్లేదు. చెప్పినవి ఒక చీటీ మీద వరసగా రాసుకున్నారు. "ఇంకేమన్నా చేశావా?" అని అడిగారు. లేదన్నాను. మళ్లీ అడిగారు. మళ్లీ లేదన్నాను. అప్పుడు సొరుగులోంచి ఆ శనగగింజ స్పీకరు తీసి, "దీనికి ముందు గొంతిద్దాం" అంటూ లోపల తగిలించారు. ఒక పొడుగు, రెండు పొట్టి. ఆయన తల పంకించి కరెంటు తీసేసి, కార్డును మెల్లిగా ఊడదీశారు. ఒక్క క్షణం ట్యూబులైటు కింద దాన్ని పట్టి చూసి, వార్తాపత్రిక మీద బోర్లించారు. నా సంచిలోని పాత కార్డు అడిగి, అది పెట్టి నొక్కారు. ఒకే ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది.

"గుమ్మం దెబ్బకి బోర్డుకేం కాలా. ఇప్పుడు దీని సంగతి చూద్దాం" అని కొత్త కార్డును నా చేతికిచ్చారు. "అంచు చూడు."

చూశాను. లోపలికి దిగే బంగారు రంగు అంచు ఈ చివర నుంచి ఆ చివరదాకా పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది. మధ్యలో ఒక కుంకుమ బొట్టు.

అది నేను పెట్టిందే. మా ఇంట్లో కొత్త వస్తువేదైనా పసుపు కుంకుమ పడకుండా పనిలోకి దిగదు. పత్తికి మందు కొట్టే స్ప్రేయరైనా అంతే, చేలో మోటారుకు స్టార్టరు డబ్బా అయినా అంతే. శుక్రవారం పొద్దున ఎవరూ రాకముందు కార్డు చేతిలోకి తీసుకుంటే ఎటు చూసినా నల్లటి ప్లాస్టిక్కే. బంగారంలా మెరిసే ఆ అంచు ఒక్కటే లక్షణంగా కనిపించింది. అది లోపలికి పోయే చోటు, అంటే గడపలాంటిది. గడపకే గదా పసుపు రాస్తాం. చెంబులో నీళ్లు తీసుకుని, పసుపు కలిపి, వేలితో శ్రద్ధగా రాశాను. ఆరేదాకా ఫ్యాను కింద పెట్టాను కూడా. "ఇంకేమన్నా చేశావా" అని ప్రభుదాసు గారు అడిగినప్పుడు అది గుర్తుండి దాచింది కాదు. బొట్టు పెట్టడం ఒక పని కిందికి వస్తుందని, దానివల్ల చెడు జరగవచ్చని నాకు తట్టనే లేదు.

ఆయన నా ముఖం చూడలేదు. పిల్లలు బళ్లో వాడే తెల్ల రబ్బరు తీసి అంచు మీద నెమ్మదిగా రుద్దుతూ కూర్చున్నారు. రబ్బరు పచ్చబడింది. పసుపు వాసన, రబ్బరు వాసన కలిసి వచ్చాయి. రుద్దుతూనే, ఎవరికో చెబుతున్నట్టు చెప్పారు.

"మా మిల్లులో ఒక పుస్తకం ఉండేదమ్మా. ఏది చెడ్డా అందులో రాయాల. ఏం చెడింది, ఏం చేశాం, బాధ్యులెవరు. మూడు గడులు. ఒకరోజు గింజ తీసే మిషను దగ్గిర బేరింగు కాలిన వాసనొచ్చింది. దానికి గ్రీజు పెట్టడం నేనే మరిచిపోయా. రాస్తే మూడో గడిలో నా పేరు పడుద్ది. భోజనాల వేళకి ఎవరూ చూడకుండా పెట్టేద్దాంలే అనుకున్నా. ఆ వేళ దాకా అది ఆగలా. దూదికి అంటుకుంది. బేళ్లు కట్టే ఆయనవి రెండు చేతులూ కాలినయ్యి. ఇప్పటికీ క్రిస్మస్‌కి వాళ్లింటికి పోతా. గ్లాసు పట్టుకోలేడు. గిన్నెలో పోసుకుని తాగుతాడు టీ."

"మీ పేరు రాశారా మరి?" అని అడిగాను.

"రాశారు. నేనే చెప్పా. అప్పుడు చెప్పి ఏం లాభం?"

కార్డు బిగించి నొక్కారు. ఒక్క పొట్టి కూత, వెంటనే తెర. చీటీ నా ముందు పెట్టారు. పైన నేను చెప్పినవన్నీ ఉన్నాయి. దాని కింద 'కార్డు అంచుకు అడ్డం. రబ్బరుతో తుడిచాను. పనిచేస్తోంది' అని ఆయన రాతలో ఉంది. ఇంకా కింద ఒక ఖాళీ గీత. ఆయన చీటీలో బాధ్యులెవరనే గడి లేదు. ఆ ఖాళీ గీత మీద, ఏం జరిగిందో మెషీను తెచ్చిన మనిషే రాయాలి. రాస్తేనే మెషీను ఇస్తారు. అది ఆయన పద్ధతి.

నేను రాశాను. గీత చాలక చీటీ వెనక్కి కూడా తిప్పాను. డబ్బా మోసిన పద్ధతి, గుమ్మం, లైటు స్టాండు, అంజయ్యను పనికి రావద్దన్నది, గాలికి పసుపు ఎగిరి పడే అవకాశం, అన్నీ రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని పూర్తిగా చదివారు.

"ఇందులో నువ్వు చేసిందేది?"

"పసుపు రాశానని రాస్తే నవ్వుతారండీ."

"నవ్వుతారు."

"ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు. ఇప్పటికి ఒకళ్లది పోయింది గదా."

ఇంకో చీటీ ఇచ్చి, టీ తాగడానికి వెళ్లిపోయారు. ఆయన చీటీ మీద పసుపు మాట లేదని అప్పుడు గమనించాను. అడ్డం అని మాత్రమే ఉంది. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. కార్డు అలాగే వచ్చిందనో, దెబ్బకు కదిలిందనో కోటేశ్వరరావు గారు అనుకుంటారు. అంజయ్య రాడు. ఆదివారం ఈ గది తెరవరు కాబట్టి మెషీను ఆ పూటే తీసుకుపోవాలి. అరగంట ఆ స్టూలు మీద కూర్చున్నాను. నా జీవితంలో నేను రాసినవాటిలో అంత చిన్నది, అంత ఆలస్యంగా రాసింది ఇంకొకటి లేదు. 'బిగించే ముందు కార్డు అంచుకు పసుపు రాశాను. గుమ్మం దెబ్బవల్ల కాదు.' ఆయన వచ్చి చదివి, మెచ్చుకోలేదు. "సరే, డబ్బా పట్టు" అన్నారు. మెచ్చుకోకపోవడం నాకు గుర్తుండిపోయింది.

కోటేశ్వరరావు గారు చీటీని రెండుసార్లు చదివారు. "పసుపా?" అన్నారు. అవునన్నాను. "కార్డుకా?" అన్నారు. అవునన్నాను. "ఇంకా నయం, అక్షింతలెయ్యలా" అని, ఫోను తీసి, "అంజయ్యా, సోమవారం వచ్చెయ్" అన్నారు. నన్ను తీసెయ్యలేదు. ఆ కథను మాత్రం వచ్చినవాళ్లందరికీ ఏడాదిపాటు చెప్పారు. ఎవరెవరికి చెప్పారో నా దగ్గర లెక్క ఉంది. అంజయ్య సోమవారం వచ్చి, "ఏమ్మా, కెమెరాక్కూడా బొట్టు పెడతావా, నన్నే పెట్టుకోమంటావా?" అన్నాడు. నేను మెషీను ఆన్ చేశాను. కాసేపాగి, "ఆ చీటీ నీ చేతిరాతేనా?" అని అడిగాడు. అవునన్నాను. అంతే, ఆ తర్వాత డబ్బా ఎత్తాల్సి వచ్చినప్పుడల్లా, "తలుపు పట్టుకో తల్లీ, గుమ్మానికి తగిల్తే నా మీదికొస్తది" అనేవాడు. నేను వెళ్లి తలుపు పట్టుకునేదాన్ని.

స్టూడియోకు మంగళవారం సెలవు. ఆ సెలవుల్లో నేను ప్రభుదాసు గారి గదికి వెళ్లి పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండేళ్లు వెళ్లాను. ఆయన నేర్పిస్తానని ఎప్పుడూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఒకసారి ఇంకో పత్తి మిల్లువాళ్లు తమ ఆఫీసు కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోందని తెచ్చారు. ఆయన విప్పితే ఫ్యాను చుట్టూ పిడికెడు దూది పేరుకుని ఉంది. "దీనికి జబ్బేం లేదు. దుప్పటి కప్పుకుంది" అన్నారు. ఇంకోసారి మా వీధిలో కరెంటు తగ్గుతోందని నేను కరెంటాఫీసుకు రాసిన అర్జీ ఆయనకు చూపించాను. నాలుగు పేజీలు. లైన్‌మన్ మూడేళ్ల కిందట నన్నేమన్నాడో కూడా ఉంది. ఆయన చదివి, "ఏ వేళకి తగ్గుతోంది? బల్బు ఎట్టా కనపడుతోంది? ఎన్ని ఇళ్లకి?" అని అడిగారు. అవి మాత్రం నాలుగు గీతల్లో రాయించారు. అది ఇచ్చిన మూడో రోజుకు లైన్‌మన్ నిచ్చెన వేసుకుని వచ్చాడు. నా నాలుగు పేజీలకు రానివాడు నాలుగు గీతలకు వచ్చాడు. ఆ నాలుగు పేజీలు నేను పారెయ్యలేదు. పెట్టెలో ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయి.

ఆయన మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. నేను సొంతంగా షాపు పెట్టిన రోజున ఆయన్ని ప్రత్యేకంగా పిలిచాను. ఆ ఖాకీ చొక్కాలోనే వచ్చారు. కళ్లు మూసుకుని లోపల్లోపల ప్రార్థన చేశారు. కొబ్బరి ముక్క తీసుకున్నారు. తర్వాత జేబులోంచి టెస్టరు తీసి గోడకున్న ప్లగ్గులన్నీ చూసి, మా బంధువులందరూ వింటుండగా, నన్ను పేరు పెట్టి పిలిచి, "ఎర్తు లేదు సామ్రాజ్యం, ఇయ్యాళ మిషన్లు ఆన్ చెయ్యబాకు" అన్నారు. ప్రారంభోత్సవం రోజున ఒక్క మెషీను కూడా వెలగని షాపు బహుశా నాదే. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున ఆయనే గునపం, ఉప్పు, బొగ్గు తెచ్చి షాపు వెనకాల ఎర్తు కోసం గొయ్యి తవ్వుతూ కనిపించారు. ఈ పదేళ్లలో పిడుగులకు మా వీధిలో ఎన్ని కంప్యూటర్లు పోయాయో నాకు తెలుసు. నావి పోలేదు.

ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. పెద్దగా జబ్బుపడలేదు, ఒక వారం జ్వరం అంతే. సమాధుల తోటలో జనం మధ్య ఒక ముసలాయన చేతులు రెండూ తుండుగుడ్డలో దాచుకుని నిలబడ్డాడు. మట్టి వేసే వేళకు తుండుగుడ్డ తీశాడు. వేళ్లు విడిగా లేవు. రెండు చేతులూ దోసిలిలా కలిపి మట్టి ఎత్తి వేశాడు. భూస్థాపన అయ్యాక ప్రభుదాసు గారి భార్య నన్ను పిలిచి, "నీకిమ్మన్నాడమ్మా" అంటూ ఆ శనగగింజ స్పీకరును మందుబిళ్లల డబ్బీలో పెట్టి ఇచ్చింది. ఆయన నాకు ఏదైనా ఇవ్వడం అదొక్కటే.

మొన్న రెండోసారి కూత విన్నాక ఫోను బల్ల మీద పెట్టేశాను. చీటీ తీసుకుని రాశాను. నిన్న పనిచేసింది. కొత్త కార్డు పెట్టాను. ఒక పొడుగు, రెండు పొట్టి. అంచు చూశాను, శుభ్రంగా ఉంది. ఇంకేం చేశాను? ఇంకేం చెయ్యలేదు? ఆ రెండో ప్రశ్న రాసుకున్నాక మళ్లీ డబ్బాలోకి చూశాను. పాత కార్డుకు లేనిది, ఈ కార్డుకు పైన ఇంకో చిన్న సాకెట్టు ఉంది. కరెంటు తీగ విడిగా ఇవ్వాల్సిన చోటు. తీగ పక్కనే వేలాడుతోంది. పెట్టాను. నొక్కాను. ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది. చీటీ కింద గీత మీద, 'పైన పెట్టాల్సిన తీగ పెట్టడం మరిచాను' అని రాసి, మేకుకు గుచ్చాను.

అప్పుడు ఫోను మోగింది. గుంటూరు షాపు.

"మేడం, పొద్దున చేశారంట. కార్డు గురించి ఏమన్నా కంప్లైంటా?"

"లేదండి. పనిచేస్తోంది. తీగ పెట్టడం నేనే మరిచాను."

ఆ మాట ఆయనకు అవసరం లేదు. "ఆహా, మంచిదండీ" అన్నాడు. పెట్టేయబోతుంటే ఆపాను.

"అట్టపెట్టె మాత్రం ఒక మూల నలిగి వచ్చింది. అది రాసుకోండి."

"ఎవరు నలిపారో కనుక్కుంటానండి" అన్నాడు.

"అది అక్కర్లేదు. నలిగి వచ్చిందని రాసుకోండి చాలు" అన్నాను.